ఫోన్ బాగా తెలిసిన పిల్లలకు ఫిజిక్స్ పాఠం ఎలా చెప్పాలి?

పదో తరగతి పిల్లవాడికి ఓం నియమం మీద అనుమానం వస్తే ఇప్పుడు మర్నాటి పీరియడ్ దాకా ఆగడు. వాళ్ల నాన్న ఫోన్లో మైకు గుర్తు నొక్కి తెలుగులోనే అడిగేస్తాడు. నిర్వచనం, సూత్రం, పటం, రెండు నిమిషాల వీడియో, అన్నీ వచ్చేస్తాయి. మర్నాడు నేను వెళ్లి అదే నిర్వచనం బోర్డు మీద రాస్తే ఆవలింతలు రావడంలో వింతేముంది? అలాగని వాడికి ఓం నియమం వచ్చేసిందా అంటే, రాలేదు. వెలుగుతున్న బల్బు పక్కన ఇంకో బల్బు కలిపితే ఏమవుతుందో అడిగి చూడండి, తెలిసిపోతుంది.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ టీచర్ని. ఇలాంటి పిల్లలకు పాఠం ఎలా చెప్పాలని అడిగేవాళ్లు చాలామంది యాప్‌ల పేర్లు చెప్పమంటారు. యాప్‌ల సంగతి తర్వాత. ముందు మార్చాల్సింది పీరియడ్‌లో పనుల వరస. ఏమవుతుందో పిల్లలు మొదట నోట్‌బుక్‌లో రాయాలి. తర్వాత చేత్తో చేసి చూడాలి. స్క్రీన్ ఆ తర్వాతే రావాలి. మనలో చాలామంది వీడియోతో మొదలుపెడతాం, అక్కడే పాఠం అయిపోతుంది. జవాబు ముందే చూసేసిన పిల్లవాడికి ప్రశ్న మీద ఇంకేం ఆసక్తి ఉంటుంది?

ముందు వాళ్లకు ఏం వచ్చో చూడండి

"ఈ కాలం పిల్లలకు రానిదేముంది మేడం" అని స్టాఫ్‌రూమ్‌లో రోజూ వింటాను. సగమే నిజం. రీల్‌కు పాట కలపడం, ఫోటో వెనక బ్యాక్‌గ్రౌండ్ మార్చడం, గేమ్‌లో ఐడీలు మార్చుకోవడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. అదే పిల్లలకు డౌన్‌లోడ్ చేసిన ఫైల్ ఏ ఫోల్డర్‌లో పడిందో తెలియదు. మెయిల్‌కు ఫైల్ జతచేయడం రాదు. వెతికితే మొదట వచ్చిన జవాబు దగ్గరే ఆగిపోతారు, రెండోది తెరిచి పోల్చి చూడరు. మన పని ఉన్నది ఇక్కడే.

జూన్‌లో బడి తెరవగానే ఒక కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబులు రాయించండి: ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఎవరిది? అది మీ చేతికి ఏ టైముకు వస్తుంది? దాంతో మీరు ఎక్కువగా ఏం చేస్తారు? కాగితాల మీద పేర్లు వద్దు, క్లాసులో పైకి చదవకండి. నాన్న లారీ డ్రైవరైతే ఫోన్ ఇంటికి వచ్చేదే నాలుగు రోజులకోసారి. అమ్మది బటన్ ఫోన్. ఇలాంటివాళ్లు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు. 2022 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పటి ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చింది కదా, అలాంటివి ఇప్పుడు ఎవరింట్లో పనిచేస్తున్నాయో కూడా అడగండి. ఫోన్ ఉంటే తప్ప కుదరని హోంవర్క్ ఇవ్వకూడదని నేను పెట్టుకున్న నియమం ఈ కాగితాలు చూశాకే.

రెండు బల్బుల పీరియడ్

పదో తరగతి విద్యుత్ పాఠంలో శ్రేణి సంధానం ఇలా చెబుతాను. టేబుల్ మీద మూడు సెల్స్, ఒక టార్చి బల్బు. వెలుగుతోంది. "దీని తర్వాత ఇంకో బల్బు ఇదే దారిలో కలుపుతాను. రెండింట్లో ఏది ఎక్కువ వెలుగుతుంది? కారణం ఒక్క వాక్యంలో రాయండి. పెన్నుతో రాయాలి, కొట్టివేతలు వద్దు." ఐదు నిమిషాలు టైమిస్తాను.

ఎక్కువమంది రాసేది ఒకటే: సెల్‌కు దగ్గరగా ఉన్న బల్బు బాగా వెలుగుతుంది, అది వాడుకోగా మిగిలిన కరెంటు రెండోదానికి వెళ్తుంది. ఫోన్లో నిర్వచనం కంఠతా పట్టిన పిల్లలు కూడా ఇదే రాస్తారు. బల్బు కరెంటును మింగేస్తుందనే నమ్మకం లోపల గట్టిగా ఉంది, నిర్వచనం దాని పైపైన కూర్చుంది. వీడియో చూపిస్తే ఆ నమ్మకం కదలదు. తాను రాసింది తన కళ్ల ముందే తప్పైతేనే కదులుతుంది.

ఇప్పుడు కలిపి చూపించాలి, వీలైతే బెంచీకొక సెట్ ఇచ్చి వాళ్లతోనే కలిపించాలి. రెండు బల్బులూ సమానంగా, మసకగా వెలుగుతాయి. ఒక జాగ్రత్త: రెండూ ఒకే రకం బల్బులై ఉండాలి. కొట్లో వేర్వేరు డబ్బాల నుంచి తీసిచ్చినవైతే ఒకటి ఎక్కువ వెలిగి "చూశారా టీచర్, నేను చెప్పలేదా" అని మొదటి బెంచీ లేచి నిలబడుతుంది. ముందురోజే కలిపి చూసుకోండి.

వాళ్లు ఎందుకిలా అయిందని అడిగినప్పుడే స్క్రీన్ తెరవండి. దీనికి ఫెట్ సిమ్యులేషన్లలో (స్క్రీన్ మీదే చేసి చూసే నమూనా ప్రయోగాలు) సర్క్యూట్ కిట్ సరిగ్గా సరిపోతుంది. 2001లో భౌతిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడాది అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ప్రాజెక్టు ఇది. పూర్తిగా ఉచితం. చాలా సిమ్యులేషన్లు తెలుగులోనూ ఉన్నాయి. ఒక్కో సిమ్యులేషన్‌ను ఒక్క ఫైల్‌గా దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు, తర్వాత నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. మన బళ్లలో నెట్ పరిస్థితి తెలిసిందే కాబట్టి నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

సిమ్యులేషన్‌లో రెండో బల్బు కలపగానే తీగలోని ఎలక్ట్రాన్లన్నీ ఒకేసారి నెమ్మదిస్తాయి. మొదటి బల్బు ముందూ వెనకా ఒకటే వేగం. బల్బు కరెంటును మింగేస్తుందనే నమ్మకం ఇక్కడ పోతుంది. అయితే తెరవగానే కనిపించేది ఎలక్ట్రాన్ల ప్రవాహం. పుస్తకంలో చెప్పే సంప్రదాయ విద్యుత్ దిశకు అది వ్యతిరేకం. దిశ మార్చుకునే మీట పక్కనే ఉంటుంది, ఏది చూపించాలో ముందే నిర్ణయించుకోండి. లేకపోతే మిగిలిన పీరియడ్ అంతా బాణం ఎటు అన్న గొడవతోనే సరిపోతుంది.

చివరి పది నిమిషాలు స్క్రీన్ ఆపేసి, మొదట రాసిన వాక్యం కిందే సరైన కారణం రాయించండి. పాత వాక్యం అలాగే ఉండాలి. పబ్లిక్ పరీక్షలో పెన్నూ కాగితమే కాబట్టి ఈ రాతపని మానేయడానికి లేదు.

మర్నాడు ఇంకో మెట్టు ఎక్కవచ్చు. సిమ్యులేషన్‌లో మామూలుగా కనిపించే బల్బు నిరోధం మారదు, సెల్స్ రెట్టింపు చేస్తే కరెంటూ రెట్టింపవుతుంది. టేబుల్ మీది టార్చి బల్బుతో అదే చేస్తే అమ్మీటరు ముల్లు అంత దూరం వెళ్లదు, ఎందుకంటే ఫిలమెంటు వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది. స్క్రీన్ చెప్పింది వేరు, టేబుల్ చెప్పింది వేరు. ఏది నమ్మాలి? ఫోన్‌తో పెరిగిన పిల్లలకు ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న నాకు తెలియదు.

నిమ్మకాయతో తొమ్మిది వాట్ల బల్బు

"టీచర్, నిమ్మకాయకు వైర్లు గుచ్చితే ఇంట్లో బల్బు వెలుగుతుందంట, వీడియోలో చూశా." ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. నిమ్మకాయ కాకపోతే అయస్కాంతాలతో ఫ్రీ కరెంటు, లేదా చేత్తో పట్టుకుంటే వెలిగే బల్బు. "అదంతా ఉత్తిదిరా, కూర్చో" అంటే ఆ పిల్లవాడు ఇంకోసారి అడగడు, వీడియోలు మాత్రం చూస్తూనే ఉంటాడు. నేను ఒక పీరియడ్ అంతా దీనికే కేటాయిస్తాను. సిలబస్ వెనకబడదు. వోల్టేజి, కరెంటు, సామర్థ్యం మూడూ ఇందులోనే వచ్చేస్తాయి.

కావలసినవి నాలుగు నిమ్మకాయలు, జింకు పూత ఉన్న మేకులు, రాగి తీగ ముక్కలు, మల్టీమీటరు, చిన్న ఎర్ర ఎల్ఈడీ. ఎప్పటిలాగే ముందు అంచనా: ఒక కాయ ఎన్ని వోల్టులిస్తుంది? తర్వాత కొలత. సుమారు 0.9 వోల్టులు చూపిస్తుంది. పిల్లలు ఆశ్చర్యపోతారు, సెల్‌కు దగ్గరగా వచ్చేసింది కదా! వెంటనే టార్చి బల్బు కలపమనండి. వెలగదు. ఇప్పుడు కరెంటు కొలిపించండి. ఒక మిల్లీఆంపియరు కూడా ఉండదు. వోల్టేజి ఉన్నంత మాత్రాన సరిపోదని, కరెంటూ కావాలని ఇక్కడ మీరు చెప్పనక్కర్లేదు, వాళ్లే అంటారు. నాలుగు కాయల్నీ వరసగా కలిపి ఎర్ర ఎల్ఈడీ పెట్టి, కిటికీలు మూస్తే మిణుకుమిణుకుమని వెలుగుతుంది. నిమ్మకాయ చేయగలిగింది అంతే.

తర్వాత లెక్క. ఒక కాయ నుంచి అర మిల్లీవాటు వస్తుందని ఉదారంగా వేసుకుందాం, నిజానికి అంతకూడా రాదు. 9 వాట్ల బల్బుకు ఎన్ని కాయలు కావాలి? 18 వేలు. "గూడూరు మార్కెట్ నుంచి లారీ దింపాలి టీచర్" అన్నాడు ఒకడు. కిలోకు ఎన్ని వస్తాయి, రేటెంత అని మిగిలినవాళ్లు వెంటనే మొదలుపెట్టారు. అంత హుషారుగా సామర్థ్యం లెక్కలు వేయడం నేను మామూలు రోజుల్లో చూడను.

మరి వీడియోలో ఎలా వెలిగింది? ఇప్పుడు సంచిలోంచి ఒక ఇన్వర్టర్ బల్బు తీయాలి. కరెంటు పోయినా వెలిగే రకం, ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. హోల్డర్‌లో పెట్టకుండా, ఊరికే చేతిలో పట్టుకుని అడుగున ఉన్న రెండు బొడిపెలనూ తడి వేళ్లతో తాకితే వెలుగుతుంది. నీళ్లలో ముంచినా, నిమ్మకాయకు ఆనించినా అంతే. క్లాసంతా గోలగోల. గోల తగ్గాక ఒకటే అడగండి: "శక్తి ఎక్కడి నుంచి వస్తోంది?" వేళ్ల నుంచి కాదు, లోపలున్న బ్యాటరీ నుంచని కొద్దిసేపట్లో పట్టేస్తారు. వేళ్లు గానీ నిమ్మకాయ గానీ స్విచ్ పని మాత్రమే చేశాయి. హోల్డర్‌లో ఉన్న బల్బును గానీ, ప్లగ్‌లో ఉన్నదేదైనా గానీ ఇలా తాకకూడదని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించి, అందరితో చదివించండి. ఇది మాత్రం మరవకండి.

ఆ వారం తర్వాత పిల్లలు ఒక్కొక్కరే వీడియోలు పట్టుకొస్తారు. అప్పుడు మీరు అడగాల్సినవి కొన్నే: ఎన్ని వాట్లు కావాలి? అవి ఎక్కడి నుంచి వస్తున్నాయి? వీడియో మధ్యలో ఎక్కడైనా కట్ అయిందా? మనం బడిలో చేసి చూడగలమా?

ఫోన్‌తో కొలతలు

పిల్లలు ఫోన్ తేకూడదు. తరగతిలో టీచర్లు ఫోన్ వాడకంపైనా పరిమితులు పెడుతూ మన రాష్ట్రంలో 2023 ఆగస్టులో ఉత్తర్వులు వచ్చాయి. కాబట్టి హెచ్ఎం గారికి ముందే చెప్పి, ఏ పాఠానికి, ఎందుకో లెసన్ ప్లాన్‌లో రాసుకుని నా ఫోన్ తీసుకెళ్తాను. తొమ్మిదో తరగతి ధ్వని పాఠానికి లెక్కల సారు ఫోన్ కూడా అరువు తెచ్చుకుంటాను.

జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ల ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది. ఫోన్లో ఉన్న మైకు, కదలిక సెన్సర్, అయస్కాంత సెన్సర్ చూపించే విలువల్ని నేరుగా చదివి చూపిస్తుంది. అందులో చప్పుడుతో మొదలై చప్పుడుతో ఆగే స్టాప్‌వాచ్ ఉంటుంది. రెండు ఫోన్లను సరిగ్గా 5 మీటర్ల దూరంలో నేల మీద పెట్టండి. మొదటి ఫోన్ పక్కన నిలబడ్డ అమ్మాయి చప్పట్లు కొడితే రెండు వాచీలూ మొదలవుతాయి. రెండో ఫోన్ పక్కనున్న అబ్బాయి కొడితే రెండూ ఆగుతాయి. రెండు ఫోన్లలో టైములు కొద్దిగా తేడాగా ఉంటాయి. ఆ తేడా, ధ్వని 10 మీటర్లు వెళ్లడానికి పట్టే కాలం. 0.029 సెకన్లు వచ్చిందనుకోండి, 10ని దాంతో భాగిస్తే సెకనుకు 345 మీటర్లు. పుస్తకంలో 22 డిగ్రీల దగ్గర 344 అని ఉంటుంది. రెండింతలు ఎందుకు తీసుకున్నామో బొమ్మ గీసి వాళ్లతోనే చెప్పించండి, ఈ ప్రయోగంలో అసలు ఫిజిక్స్ అక్కడే ఉంది.

వరండాలో చేయకండి, పక్క క్లాసు ఎక్కాలకు వాచీ ఆగిపోతుంది. గ్రౌండ్‌లో గాలి లేని టైము చూసుకోండి. అయినా ఒక జట్టుకు 320, ఇంకో జట్టుకు 370 వస్తుంది. రానివ్వండి. టేపు వదులుగా పట్టారా, చప్పట్లు ఫోన్‌కు దూరంగా కొట్టారా అని వాళ్లలో వాళ్లు వాదించుకుంటారు. సెర్చ్‌లో వచ్చే 344 మీద ఎవరూ వాదించరు.

పదో తరగతిలో విద్యుత్ ప్రవాహ అయస్కాంత ఫలితాలకు కూడా ఇదే యాప్ పనికొస్తుంది. ఏమీ దగ్గర లేనప్పుడు మన ప్రాంతంలో సుమారు 40 మైక్రోటెస్లా చూపిస్తుంది, అది భూమి అయస్కాంత క్షేత్రానిది. కరెంటు పోతున్న తీగ చుట్టను దగ్గరకు తెస్తే అంకె మారుతుంది. చవక ఫోన్లు కొన్నిటిలో ఈ సెన్సర్ ఉండదు, చూసుకోండి.

హోంవర్క్, ప్రాజెక్టు, ఏఐ

"ఓం నియమం వివరింపుము" అని హోంవర్క్ ఇస్తే చాట్‌జీపీటీ రాసిపెడుతుంది, పిల్లలు కాపీ చేస్తారు. పోలీసు పని నాకు చేతకాదు, ఇష్టమూ లేదు. ప్రశ్న మార్చడం తేలిక. మీ ఇంటి పోయిన నెల కరెంటు బిల్లు చూడండి. ఎన్ని యూనిట్లు? మీ ఇంట్లో మూడు వస్తువులు ఎన్ని వాట్లవో, రోజుకు ఎన్ని గంటలు నడుస్తాయో రాయండి. బిల్లులో వాటి వాటా ఎంత? 75 వాట్ల ఫ్యాన్ రోజుకు 12 గంటలు తిరిగితే 0.9 యూనిట్, నెలకు 27. ఈ జవాబు ఏ ఇంటిది ఆ ఇంటిదే, ఫోన్‌కు తెలియదు. ప్రాజెక్టులకూ ఇలాంటివే ఇస్తాను. (ఫ్యాన్ మీద వాట్లు చూడటానికి స్టూలు ఎక్కవద్దని కూడా చెప్పండి. కొన్నప్పటి డబ్బా ఉంటే చూడమనండి, లేకపోతే 75 వేసుకోమనండి.) ప్రాజెక్టు తెచ్చినప్పుడు ఏదో ఒక వాక్యం మీద వేలు పెట్టి "ఇది నాకు చెప్పు" అంటాను. చెప్పగలిగితే ఎక్కడి నుంచి తెచ్చినా నాకు అభ్యంతరం లేదు.

ఏఐని దాచిపెట్టి లాభం లేదు, క్లాసులోకే తెస్తాను. కాకపోతే లాగిన్ నాది, టైపు చేసేది నేను. 13 ఏళ్ల లోపు పిల్లలు చాట్‌జీపీటీ వాడకూడదు, 18 లోపు అయితే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. పాఠం ప్రశ్న కాకుండా మా ల్యాబ్ ప్రశ్న అడుగుతాను: "సర్క్యూట్ కలిపాం, అమ్మీటరు ముల్లు కదలడం లేదు, ఎందుకు?" అది ఏడెనిమిది కారణాలు రాస్తుంది. వాటిని బోర్డు మీదికి ఎక్కించి, ఒక్కో జట్టుకు ఒక్కోటి ఇచ్చి టేబుల్ దగ్గరికి పంపుతాను. సెల్ అయిపోయిందా? అమ్మీటరు తిరగేసి కలిపామా? చివరికి దొరికేది తుప్పు పట్టిన క్లిప్పే. ఏఐ చెప్పింది జవాబు కాదని, పరీక్షించి చూడాల్సిన అంచనాల జాబితా అని ఆ ముప్పావుగంటలో వాళ్లకు తెలిసొస్తుంది.

ప్యానెల్, కార్డులు, మిగతావి

గోడకు పెద్ద టచ్‌స్క్రీన్ ప్యానెల్ ఉన్న బడి అయితే సిమ్యులేషన్ ఫైల్ ఇంటర్వెల్‌లోనే తెరిచి పెట్టుకోండి. ప్యానెల్ దగ్గరికి పిలిస్తే ఎప్పుడూ ఆ నలుగురు మగపిల్లలే పరిగెత్తుతారు, అందుకని రోల్ నంబర్ల వరసలో పిలవండి. ఆడపిల్లలకు ఇంట్లో ఫోన్ తక్కువ సేపే దొరుకుతుంది, బడిలో కూడా వెనకే ఉండిపోతే ఎలా? ఎండ పడే గోడ అయితే వెనక బెంచీలో కూర్చుని స్క్రీన్ కనిపిస్తోందో లేదో ఒకసారి మీరే చూసుకోండి. కరెంటు పోతే ఎలాగూ బల్బులు టేబుల్ మీదే ఉన్నాయి, అందుకే చేత్తో చేసే పని ముందు పెట్టుకోమన్నాను.

క్విజ్‌కు అందరి చేతుల్లో ఫోన్లు అక్కర్లేదు. ప్లికర్స్ అనే యాప్‌తో కాగితం కార్డులు ప్రింట్ తీసుకోవచ్చు. కార్డును ఏ వైపు పైకి పట్టుకుంటే ఏ, బీ, సీ, డీల్లో ఆ జవాబు. మీ ఫోన్ కెమెరా క్లాసు మీదుగా తిప్పితే ఎవరేం పెట్టారో తెలిసిపోతుంది. పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కష్టం, ఎందుకంటే ఒక్కో కార్డు బొమ్మ ఒక్కోలా ఉంటుంది. మెరిసే లామినేషన్ వేయిస్తే వెలుతురు పడి కెమెరా చదవదు, దళసరి కాగితం చాలు. యాప్‌లో పేర్లు వద్దు, రోల్ నంబర్లు పెట్టుకోండి. రెండు బల్బుల ప్రశ్నను వారం తర్వాత ఇలా మళ్లీ అడగండి. పాత నమ్మకం ఎంతమందిలో తిరిగొచ్చిందో కనిపిస్తుంది, కొందరిలో తప్పకుండా వస్తుంది.

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో నేను వీడియోలు పెట్టను. హోంవర్క్ ఏమిటో నా గొంతుతో ఒక నిమిషం ఆడియో పెడతాను. చదువు రాని అమ్మలు కూడా అది విని "టీచర్ బిల్లు చూడమందిగా, చూశావా" అని అడుగుతారు.

మొత్తం ఒకేసారి మొదలుపెట్టకండి. విద్యుత్ పాఠం ఒక్కటి తీసుకుని ఈ ఏడాదికి అంతవరకే చేయండి. టార్చి బల్బులు, హోల్డర్లు, చవక మల్టీమీటరు, ఇన్వర్టర్ బల్బు ఉంటే సరిపోతుంది. ఇన్వర్టర్ బల్బును మాత్రం డబ్బాతో క్లాసుకు తీసుకెళ్లకండి. డబ్బా మీద రీచార్జబుల్ అని పెద్దగా రాసి ఉంటుంది, మొదటి బెంచీవాళ్లు చదివేస్తారు.